వానలు పడేలోపు ఇరవై మంది పిల్లలకు ఏం నేర్పాలి?

అడిగిన సంగతి క్లుప్తంగా ఇది: ఖమ్మం జిల్లాలో ఒక ఊరు. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు ఇరవై మంది ఉన్నారు. జూన్‌లోపు వాళ్లకు రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చి, ఇంటింటికీ పంపి ఆరోగ్యం మీద అవగాహన కల్పించాలని యువజన సంఘం అనుకుంటోంది. డెంగీ, టీబీ, రక్తహీనత, షుగర్, బీపీ, మత్తు పదార్థాలు, పరిశుభ్రత అన్నీ చెప్పించడానికి డాక్టర్లను పిలుస్తున్నారు. సిలబస్ ఎలా ఉండాలి?

ముందు ఆ జాబితాను కొట్టేయండి. రెండు రోజుల్లో ఏడు విషయాలు విన్న పిల్ల గడప ముందు నిలబడేసరికి ఒక్కటీ నోటికి రాదు. చేతిలో కరపత్రం పెట్టి "చదువుకోండమ్మా" అని వచ్చేస్తుంది. ఆ కరపత్రం సాయంత్రానికి బజ్జీల కింద ఉంటుంది.

ఈ వానాకాలానికి రెండే పెట్టుకోండి: డెంగీ దోమ, విరేచనాలు. ఈ రెండింటిలోనూ ఇంటావిడ అప్పటికప్పుడు తన చేత్తో చేయగల పని ఒకటుంది. చేసిందో లేదో వారం తర్వాత వెళ్లి కంటితో చూడొచ్చు. టీబీ, బీపీ, షుగర్ అలా కాదు. పరీక్ష, మందు, ఆస్పత్రి అన్నీ వెనక సిద్ధంగా ఉంటే తప్ప, గడప దగ్గర చెప్పే మాటకు విలువ ఉండదు. అవి చలికాలంలో పెట్టుకోవచ్చు. డెంగీ కేసులు ఎక్కువగా వచ్చేది ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. అందుకని మే చివరి వారంలో ట్రైనింగ్, జూన్ మొదటి ఆదివారం మొదటి రౌండు అయితే సరిపోతుంది. పోయినేడు మీ ఊళ్లో ఏ జ్వరాలు ఎక్కువొచ్చాయో, ఏ వీధిలో వచ్చాయో ట్రైనింగ్‌కు ముందే పల్లె దవాఖానాలోనో పీహెచ్‌సీలోనో అడగండి. పేర్లు అక్కర్లేదు, లెక్క చాలు. మీది ఏజెన్సీ అంచున ఉన్న ఊరై, అక్కడ మలేరియా ఎక్కువని తేలితే దోమ మారుతుంది, చెప్పే మాటా మారుతుంది.

మనుషుల లెక్క

ఇరవై మంది అంటే పది జతలు. జతకు పాతిక ఇళ్లు, మొత్తం 250. సుమారు వెయ్యి మంది జనాభా అవుతుంది, అంటే ఒక ఆశా కార్యకర్త చూసుకునేంత. ఇంటికి ఏడెనిమిది నిమిషాల లెక్కన జతకు మూడు గంటలు పడుతుంది. ఆదివారం పొద్దున ఏడింటికి మొదలుపెడితే పదికల్లా అయిపోవాలి. యాభై ఇళ్లిస్తే మొదటి వారం ఉత్సాహంగా తిరుగుతారు, మూడో వారం ఇంటి బయట నిలబడే రాసుకొస్తారు.

ప్రతి జతలో ఒక అమ్మాయి తప్పకుండా ఉండాలి. నీళ్ల తొట్లు ఉండేది పెరట్లో, అక్కడికి రానిచ్చేది ఇంట్లో ఆడవాళ్లు. ఇద్దరు అబ్బాయిలే వెళితే గేటు దగ్గరే మాట ఆగిపోతుంది. పద్దెనిమిది నిండని వాళ్లకు తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. ఎవరూ ఒంటరిగా ఇంట్లోకి వెళ్లకూడదు, ట్యాంకులెక్కకూడదు, బావుల్లోకి వంగి చూడకూడదు. ఓవర్‌హెడ్ ట్యాంకుకు మూత ఉందా అన్నది ఇంటివాళ్లను అడిగితే చాలు. అబ్బాయిలు గోడలెక్కి చూపిస్తామంటారు, వద్దనండి.

ఇరవై మంది కావాలంటే ఇరవై నాలుగు మందికి నేర్పండి. పరీక్షలొస్తాయి, ఒకరికి పెళ్లి కుదురుతుంది, ఒకరికి హైదరాబాద్‌లో సీటొస్తుంది. సర్టిఫికెట్ ట్రైనింగ్ చివర ఇవ్వకండి. ఎనిమిది వారాలు తిరిగాకే ఇవ్వండి, లేకపోతే సర్టిఫికెట్‌తో పాటు మనిషీ వెళ్లిపోతాడు. డిగ్రీ పిల్లల్లో ఎన్ఎస్ఎస్‌లో ఉన్నవాళ్లుంటే వాళ్లకు ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకు 240 గంటలు సేవ చూపించాలి. కాలేజీ ప్రోగ్రాం ఆఫీసర్‌తో ముందే మాట్లాడితే ఈ ఆదివారాలు అందులోకి వస్తాయి. అలాగే 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కింద వెయ్యి జనాభాకు ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు చొప్పున పీర్ ఎడ్యుకేటర్లు, అంటే తోటి పిల్లలకు ఆరోగ్య సంగతులు చెప్పేవాళ్లు ఉండాలి. మీ ఊళ్లో ఉన్నారేమో ఏఎన్ఎంను అడగండి. ఉంటే వాళ్లనే నాలుగు జతల్లో పెట్టండి.

ఆశా అక్కను మొదటి రోజు నుంచే కూర్చోబెట్టండి, ముఖ్య అతిథిగా కాదు, నేర్పేవాళ్లలో ఒకరిగా. ఏ ఇంట్లో బాలింత ఉంది, ఏ ఇంట్లో మాట పెగలదు, ఏ కుక్క కరుస్తుంది, అన్నీ ఆమెకు తెలుసు. తన పనిని పిల్లలు లాక్కుంటున్నారన్న అనుమానం ఆమెకు వచ్చిందంటే మీ కార్యక్రమం అక్కడితో సరి.

ఆంధ్రావైపు నుంచి ఇది చదివేవాళ్లకు ఒక మాట. అక్కడ 2019 ఆగస్టు 15న యాభై ఇళ్లకొకరు చొప్పున గ్రామ వాలంటీర్ల వ్యవస్థ మొదలైంది, తర్వాత పింఛన్లు వాళ్లే పంచారు. అందుకని "వాలంటీర్లమండీ" అంటే ముసలమ్మ పింఛను గురించే అడుగుతుంది. ఆ మాట వాడకుండా ఫలానావాళ్ల అమ్మాయినని చెప్పుకోవడం మేలు.

ట్రైనింగ్‌కు ముందు ఒక పూట: ఊరి పటం

పిల్లలందరినీ బడి ఆవరణలో కూర్చోబెట్టి సుద్దముక్కతో నేల మీదే ఊరు గీయించండి. వీధులు, కుళాయిలు, అంగన్‌వాడీ, బడి అయ్యాక అసలైనవి అడగండి: పంక్చర్ షాపు వెనక పాత టైర్లు, కొబ్బరిబోండాల వాడు పోసే గుట్ట, సగంలో ఆగిన ఇళ్ల దగ్గర క్యూరింగ్ కోసం కట్టిన తొట్లు, ఊరెళ్లినవాళ్ల తాళం వేసిన ఇళ్లు. డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి ఇవన్నీ అనువైన చోట్లే.

ఇక్కడే ఒకటి గమనించండి. పిల్లలు గీసిన పటంలో వాళ్ల వాళ్ల వీధులు పెద్దగా, ఊరి చివరి కాలనీ మూలకు చిన్న చుక్కగా వస్తుంది. ఒక్కోసారి ఆ చుక్క కూడా ఉండదు. ఆ కాలనీ నుంచి వాలంటీర్లు లేకపోతే అక్కడికి వెళ్లే జతలు రెండో వారానికే తప్పించుకుంటాయి. కాబట్టి ఎంపికలోనే ప్రతి పేట నుంచీ పిల్లలుండాలి. దోమ నాలుగు వందల మీటర్లు ఎగిరి పై వీధికి వచ్చేస్తుంది, దానికి పేటల పట్టింపు లేదు.

మొదటి రోజు పొద్దున: దోమ

ఉపన్యాసంతో మొదలుపెట్టకండి. జతకొక టార్చి, ఒక తెల్ల మగ్గు, ఒక గరిటె ఇచ్చి గంటసేపు ఊళ్లోకి పంపండి. పురుగులున్న నీళ్లు తీసుకురమ్మనండి. చాలామంది నేరుగా మురిక్కాలవ దగ్గరికి వెళతారు. పోనివ్వండి. ఒకటి రెండు జతలు మాత్రం ఏ రోట్లో నిలిచిన వాననీళ్లో, ఏ సిమెంటు తొట్టిలోవో తెస్తాయి. అన్నీ తెల్ల పళ్లేల్లో పోసి పక్కపక్కన పెట్టండి. కాలవ నీళ్లలోవి క్యూలెక్స్. కుడితే నిద్ర చెడగొడతాయి, బోదకాలు తెస్తాయి, కానీ డెంగీ తేవు. డెంగీ తెచ్చే ఈడిస్ ఉండేది తొట్టిలోని తేటనీళ్లలో. ఈ తేడా కళ్లతో చూసిన పిల్లవాడికి "ముందు మురిక్కాలవ తీయించండి" అన్నవాళ్లకు ఏం చెప్పాలో ఇక ఎవరూ నేర్పక్కర్లేదు.

చూడటంలోనే చాలామంది పొరపాటు పడతారు. తొట్టి మీద నీడ పడగానే లార్వాలు, అంటే ఆ దోమ పురుగులు, అడుగుకు దిగిపోతాయి. వంగి ఒక్క క్షణం చూసి "ఏమీ లేవు" అంటారు. నీళ్లు కదపకుండా, టార్చి ఒక పక్క నుంచి వేసి నిమిషం ఆగాలి. గాలి పీల్చుకోవడానికి అవే పైకి వస్తాయి. తలకిందులుగా వేలాడుతూ మెలికలు తిరిగితే ఈడిస్ లేదా క్యూలెక్స్, నీటిపొరకు సమాంతరంగా పడుకుని ఉంటే మలేరియా తెచ్చే అనాఫిలిస్. కామా ఆకారంలో ముడుచుకుని పిల్లిమొగ్గలు వేసేవి ప్యూపాలు. ప్యూపా కనిపించిందంటే ఒకటి రెండు రోజుల్లో దోమై ఎగిరిపోతుంది. పైగా అది ఏమీ తినదు కాబట్టి మందు వేసినా దాని మీద పెద్దగా పనిచేయదు. ఆ నీళ్లు ఆ రోజే తీసేయాలి.

ఒక గాజుసీసాలో తొట్టి నీళ్లలోని నాలుగైదు ప్యూపాలు వేసి, మూతికి రెండు మడతల పలచటి గుడ్డ రబ్బరుబ్యాండుతో బిగించి ఉంచండి. రెండో రోజుకల్లా లోపల కాళ్ల మీద తెల్ల చారలున్న నల్లదోమ గోడకు అంటుకుని కనిపిస్తుంది. ఇది పగటిపూట కుట్టే దోమ, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం. రాత్రి దోమతెర కట్టుకుంటున్నామని ధీమాగా ఉండేవాళ్లకు చెప్పాల్సింది ఇదే. చూపించాక సీసాలో సర్ఫు నీళ్లు పోసి చంపేయండి, మర్చిపోయి వదిలేయకండి.

గుడ్డు నుంచి దోమ అయ్యేదాకా ఏడు నుంచి పది రోజులు. ఫ్రైడే డ్రైడే అని శుక్రవారం శుక్రవారం నీళ్ల పాత్రలు ఖాళీ చేసి ఆరబెట్టమనేది ఈ లెక్క మీదే. పది రోజులకొకసారి కడిగితే కొన్ని దోమలు తప్పించుకుంటాయి. ఇంకొకటుంది: ఈడిస్ గుడ్లు నీటి మీద కాదు, నీటి అంచున తొట్టి గోడకు అంటించి పెడుతుంది. తొట్టి ఎండినా అవి నెలల తరబడి చావవు, నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకే ఊరికే పారబోస్తే చాలదు, కొబ్బరిపీచుతో గోడ రుద్దాలి. ఇంటింటికీ మోయాల్సిన ఒకే ఒక్క మాట ఇదనుకోండి: పారబోసి, రుద్ది, ఆరబెట్టి, మూత పెట్టాలి.

అయితే నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే వీధిలో "తొట్టి పారబోయండి" అంటే ఎవరు వింటారు? వినకపోవడం వాళ్ల తప్పు కాదు. అక్కడ అడిగే తీరు మార్చాలి. గురువారం సాయంత్రానికి తొట్టి అడుగంటేలా వాడుకుని, శుక్రవారం కొత్తనీళ్లు రాకముందు రుద్దమనాలి. మిగిలిన బక్కెట్టు నీళ్లు కాలవలో కాకుండా ఎండిన మట్టి మీద పోయించాలి. అస్సలు ఖాళీ చేయలేని గోలేలు, సంపులు ఉంటే మూతి మొత్తం కప్పేలా పాత చీర కట్టి తాడు బిగించాలి. చీర మధ్యలో కుంగి నీళ్లను తాకితే మాత్రం పనిచేయదు. దోమ పైనుంచే గుడ్లు పెట్టేస్తుంది. అదీ కుదరకపోతే ఆరోగ్య సిబ్బందికి చెప్పి పురుగులను చంపే అబేట్ మందు వేయించడం, వాటిని తినే గంబూజియా చేపలు వదిలించడం. ఆ మందు పిల్లల చేతికి ఇవ్వకండి. లీటరుకు ఒక మిల్లీగ్రాము మోతాదును కళ్లతో అంచనా కట్టలేం.

ఫాగింగ్ గురించి తప్పకుండా అడుగుతారు. ఆ పొగ ఎగిరే దోమలను ఆ పూటకు చంపుతుంది, తొట్టిలో ఉన్నవాటిని ముట్టుకోదు. పిల్లలకు ఈ ఒక్క వాక్యం చాలు, వాదన వద్దు.

మధ్యాహ్నం: ఓఆర్ఎస్, చేతులు

ముందురోజే ప్రతివాళ్లనూ ఇంటి నుంచి నీళ్లు తాగే గ్లాసు, చెంచా తెమ్మనండి. గ్లాసులన్నీ వరసగా పేర్చి, కొలగిన్నెతో ఏది ఎన్ని మిల్లీలీటర్లో కొలిపించండి. ఒకటి 150 వస్తుంది, ఒకటి 250, ఏ తాతగారి చెంబో అయితే ఇంకా ఎక్కువ. "ఐదు గ్లాసుల నీళ్లలో కలపండి" అన్న సలహా ఎందుకు ప్రమాదమో అప్పుడు అర్థమవుతుంది. ఊళ్లో ప్రతి ఇంట్లో దొరికే సరైన కొలత లీటరు వాటర్ బాటిలే. కూల్‌డ్రింకు సీసాలు 600, 750 రకాలూ ఉంటాయి, అంకె చదివాకే వాడాలి.

పీహెచ్‌సీ ఇచ్చే పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు సరిపోతుంది. డబ్ల్యూహెచ్‌వో లెక్కలో అందులో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9, మొత్తం 20.5 గ్రాములు. మొత్తం ప్యాకెట్, మొత్తం లీటరు, ఒకేసారి. కాస్త పొడి గ్లాసులో వేసి కలిపి మిగతాది మడిచి దాచడమే అన్నిచోట్లా జరిగే పొరపాటు. నీళ్లు తక్కువైతే ఉప్పు ఎక్కువై బిడ్డకు హాని, ఎక్కువైతే మందుకు బలముండదు. కాచి చల్లార్చిన నీళ్లు మేలు. కలిపింది మూతపెట్టి 24 గంటలే వాడాలి, తర్వాత పారబోయాలి. రెండేళ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండు నుంచి పదేళ్ల వాళ్లకు 100 నుంచి 200. చెంచాతో నెమ్మదిగా పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు.

ఇంట్లో చక్కెర, ఉప్పుతో చేసుకునే పద్ధతి ఉంది: లీటరుకు ఆరు చదును టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు. అది పిల్లలకు తెలియాలి కానీ గడప దగ్గర చెప్పించకపోవడమే మంచిదని నా అభిప్రాయం. చెంచాలు కూడా గ్లాసుల్లాంటివే, ఉప్పు రెట్టింపు పడితే చిన్నబిడ్డకు ప్రమాదం. ప్యాకెట్ వచ్చేలోపు ఉప్పేసిన గంజి, పలచటి మజ్జిగ పట్టమనడం సులువు, ఎవరూ తప్పు చేయరు.

జింకు మాత్ర సంగతి ఎవరూ పట్టించుకోరు. ఆరునెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వాళ్లకు 10, మొత్తం 14 రోజులు. మూడో రోజుకు విరేచనాలు కట్టేస్తాయి, తల్లి మాత్ర ఆపేస్తుంది. మాత్ర ఇచ్చేది ఆశా అక్కే. "ఎన్ని మిగిలాయి, చూపించమ్మా" అని అడగడం మాత్రం వాలంటీరు పని.

దుకాణంలో అట్టపెట్టెల్లో దొరికే తీపి పానీయాల సంగతి కూడా చెప్పించండి. వాటి పేరులో ఓఆర్ఎస్ అని ఉండటంతో తల్లులు మందనుకుని పట్టేవారు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిమీద పోరాడారు. డబ్ల్యూహెచ్‌వో లెక్క ప్రకారం లేని పానీయాలకు ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. పిల్లలకు నేర్పాల్సిన పరీక్ష ఒక్కటే: ప్యాకెట్ మీద పైన చెప్పిన నాలుగు పదార్థాలు, ఆ బరువులు ఉన్నాయా?

చేతులు కడగడానికి పాటలు, యాక్షన్ స్టెప్పులు అక్కర్లేదు. పసుపులో నాలుగు చుక్కల కొబ్బరినూనె కలిపి అరచేతులకు రాయించండి. ఒట్టి నీళ్లతో కడిగితే పోదు. తర్వాత బట్టల సబ్బో ఒంటిసబ్బో ఇవ్వండి. సబ్బు తగిలిన చోట పసుపు ఎర్రబడుతుంది, తగలని చోట పచ్చగానే ఉంటుంది. వేళ్ల సందులు, బొటనవేలి వెనక, గోళ్ల కింద పచ్చటి మరకలు చూసి వాళ్లే నవ్వుకుంటారు. క్షారగుణం లేని లిక్విడ్ హ్యాండ్‌వాష్‌తో ఈ రంగు మారదు, అందుకని సబ్బుబిళ్లే వాడండి. అంగన్‌వాడీలో తల్లులకు కూడా ఇదే చేయిస్తే చాలు.

రెండో రోజు: గడప దగ్గర

ఈ రోజంతా నటనే. ఒకరు ఇంటావిడ, ఇద్దరు వాలంటీర్లు, మిగతావాళ్లు చూస్తారు. ఒక్కో జత కనీసం మూడుసార్లు చేయాలి. మొదటిసారి అందరూ పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడతారు: "నమస్కారమండీ, మేము డెంగీ వ్యాధిపై అవగాహన కల్పించుటకు వచ్చాము." ఆపించండి. ఊళ్లో ఎవరూ అలా మాట్లాడరు. ఇలా మార్పించండి:

"పెద్దమ్మా, నేను పాలకేంద్రం పక్కింటి వాళ్లమ్మాయిని. వానలొస్తున్నాయి కదా, తొట్లలో దోమ పురుగులున్నాయేమో చూస్తున్నం. మీ పెరట్లో ఒకసారి చూడొచ్చా?"

"మా ఇంట్ల దోమలు లేవు బిడ్డా."

"సరే పెద్దమ్మా, లేకపోతే మంచిదే. ఒక్క నిమిషం, మీరూ రండి, కలిసి చూద్దాం."

ఇందులో కీలకం ఆ "మీరూ రండి". వాలంటీరు ఒక్కతే వెళ్లి చూసి వచ్చి చెబితే అది తప్పులు వెదకడం అవుతుంది. ఆమె కళ్లతో ఆమె తొట్టిలో పురుగు చూస్తే ఇక చెప్పాల్సింది ఏమీ ఉండదు. మగ్గులో తీసి చూపించండి, వీలైతే ఆమె చేతే పారబోయించి రుద్దించండి. వాలంటీరే రుద్దేస్తే వచ్చేవారమూ వాలంటీరే రుద్దాలి. ముసలివాళ్లు, ఒంటరివాళ్లు ఉన్న ఇల్లు వేరు, అక్కడ చేసిపెట్టండి.

చూడాల్సిన చోట్ల వరుస పిల్లలకు నోటికి వచ్చేయాలి: నీళ్ల తొట్టి, గోలెం, కుండ, ఎయిర్‌కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీ కింది పళ్లెం, రోలు, కోళ్లకు నీళ్లు పెట్టే చిప్ప, మేడ మీద పడేసిన పాత్రలు, టైర్లు. ఫ్రిజ్ ట్రే సంగతి నూటికి తొంభై మందికి తెలియదనే అనుకోండి. అక్కడ చూపిస్తే మిగతా మాటలకు కూడా విలువ పెరుగుతుంది.

"అర్థమైందా?" అని అడగొద్దు. ఎవరైనా "ఆఁ" అనే అంటారు. "సాయంత్రం మీ ఆయన అడిగితే ఏం చెప్తారక్కా?" అని అడగాలి. ఆమె తన మాటల్లో చెప్పింది సరిపోయిందా, లేదా అన్నదే అసలు పరీక్ష.

మధ్యాహ్నం జ్వరం సంగతి. వాలంటీరు రోగం పేరు చెప్పకూడదు, మందు ఇవ్వకూడదు, రిపోర్టు చూసి ప్లేట్‌లెట్ల మీద వ్యాఖ్యానం చేయకూడదు. చేయాల్సినవి మూడే. జ్వరం ఉన్న ఇంటి సంగతి ఆ రోజే ఆశా అక్కకు ఫోన్‌లో చెప్పడం, వాట్సాప్ గ్రూపులో పెట్టకుండా. జ్వరమొచ్చిన మనిషిని పగలు కూడా దోమతెరలో ఉంచమనడం, ఎందుకంటే మొదటి ఐదు రోజుల్లో ఆ మనిషిని కుట్టిన దోమే ఇంట్లో మిగతావాళ్లకు అంటిస్తుంది. మూడోది ప్రమాద సూచనలు: ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, మగతగా పడి ఉండటం, కాళ్లూ చేతులూ చల్లబడటం, మూత్రం తగ్గడం. వీటిలో ఒకటి కనిపించినా 108.

పిల్లల చేత పదిసార్లు చెప్పించాల్సిన విషయం ఒకటుంది. ఈ సూచనలు సాధారణంగా వచ్చేది జ్వరం మండిపోతున్నప్పుడు కాదు, మూడు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతున్నప్పుడు. "జ్వరం తగ్గింది, ఇక పర్లేదు" అని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకునే రోజే జాగ్రత్తగా చూడాల్సిన రోజు.

ఊళ్లో జ్వరమనగానే ఆర్ఎంపీ దగ్గరకెళ్లి సూది వేయించుకోవడం అలవాటు. డెంగీ అనుమానం ఉన్నప్పుడు డైక్లోఫెనాక్ సూది, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతాయి. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, అదీ ఏఎన్ఎం చెప్పిన మోతాదులో. దీనికోసం ఆర్ఎంపీలతో గొడవ పెట్టుకోకండి. పీహెచ్‌సీ డాక్టరు చేత వాళ్లను కూర్చోబెట్టి చెప్పించండి. ఊరు వాళ్ల మాట వింటుంది, ఆ మాట మనవైపు ఉండటం మేలు. బొప్పాయి ఆకు రసం విషయంలోనూ అంతే. "తాగొద్దు" అని వాదిస్తే తలుపు మూసుకుంటుంది. "రసం తాగినా తాగకపోయినా, ఈ సూచనలొస్తే మాత్రం ఆస్పత్రికి" అంటే సరిపోతుంది.

విరేచనాల బిడ్డ విషయంలో: కళ్లు గుంటలు పడటం, తాగలేకపోవడం, మగత, పొట్ట మీద చర్మం గిల్లితే నెమ్మదిగా వెనక్కి వెళ్లడం, విరేచనంలో రక్తం. ఇవి కనిపిస్తే ఓఆర్ఎస్ పడుతూనే ఆస్పత్రికి. రెండు నెలలు నిండని బిడ్డయితే సూచనల కోసం ఆగొద్దు.

రెండో రోజు చివర రాతపరీక్ష పెట్టకండి. ఒక్కొక్కరినీ పిలిచి, ఓఆర్ఎస్ కలిపి చూపించమనండి. తర్వాత ఒక తొట్టి చూపించి పురుగు ఉందో లేదో చెప్పించండి, నిమిషం ఆగారా లేదా చూడండి. ఆ తర్వాత ప్రమాద సూచనల్లో నాలుగు చెప్పమనండి. మూడింటిలో ఒకటి తప్పినా మళ్లీ నేర్పి, మళ్లీ చేయించాకే ఇళ్లకు పంపండి.

పుస్తకం, లెక్క

జతకొక నోటుబుక్కు చాలు, యాప్ అక్కర్లేదు. గడులు: ఇంటి నంబరు, తేదీ, చూసిన పాత్రలు, పురుగులున్నవి, ఖాళీ చేసినవి, జ్వరం ఉందా లేదా. పేర్లు, రోగాలు రాయకూడదు. ఆ పుస్తకం ఎక్కడో మర్చిపోతారు, ఎవరో చదువుతారు.

వారంవారం రెండు అంకెలు తీయండి. ఉదాహరణకు పాతిక ఇళ్లలో ఆరింట్లో పురుగులు కనిపిస్తే ఆరును పాతికతో భాగించి వందతో గుణిస్తే 24, అది హౌస్ ఇండెక్స్. ఆ ఇళ్లన్నిట్లో కలిపి పురుగులున్న పాత్రలు తొమ్మిదైతే వంద ఇళ్లకు 36, అది బ్రెటో ఇండెక్స్. ఆదివారం పదిన్నరకు బడి దగ్గర కూడి, పది జతల అంకెలు నల్లబల్ల మీద రాసి, ఎక్కడ తగ్గలేదో అక్కడ ఎందుకో మాట్లాడుకోండి, ముప్పావుగంట చాలు. ఒక జతకు మొదటి వారం నుంచే సున్నా వస్తోందంటే సంబరపడకండి. వేరే జతను ఆ వీధిలో ఐదు ఇళ్లకు పంపి మళ్లీ చూపించండి. సరిగా చూడని కళ్లకూ సున్నాలే వస్తాయి. వానలు ముదిరాక అంకె కొంచెం పెరిగితే అది పిల్లల తప్పు కాదని కూడా ముందే చెప్పండి.

పంచాయతీ కార్యదర్శికి నెలకొకసారి ఒక కాగితం ఇవ్వండి: ఏ ఖాళీ స్థలంలో టైర్లున్నాయి, ఏ తాళం వేసిన ఇంట్లో తొట్టి ఉంది, ఏ కుళాయి గుంటలో నీళ్లు నిలుస్తున్నాయి. ఇళ్లవాళ్లను మాత్రమే అడిగి పంచాయతీని అడగకపోతే మూడో వారానికి "మా ఒక్కళ్లకేనా నీతులు?" అంటారు, ఆ మాటలో న్యాయముంది.

ర్యాలీ, ప్రతిజ్ఞ, బ్యానర్ ముందు ఫొటో కావాలంటే ట్రైనింగ్ రోజు పెట్టుకోకండి. ఆ పూటంతా దానికే పోతుంది. వస్తానన్న డాక్టరుగారిని మొదటి రోజు ఉపన్యాసానికి కాకుండా రెండో రోజు మధ్యాహ్నం, జ్వరం భాగానికి పిలవండి. అప్పటికి పిల్లల దగ్గర అడగడానికి అసలైన ప్రశ్నలుంటాయి. మొదటి ఆదివారానికి జతకు కావాల్సినవి టార్చి, తెల్ల మగ్గు, లీటరు బాటిల్, ఆశా అక్క దగ్గర తీసుకున్న రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, కొబ్బరిపీచు, నోటుబుక్కు. టార్చి సెల్లులు శనివారం రాత్రే చూసుకోమనండి.